బడికి ఊరే తోడు



ఈ సన్నిధిలో అన్నదానానికీ, విద్యాదానానికీ భక్తితో విరాళాలు సమర్పించే దాతలు ఎందరో ఉన్నారు. నేడు విద్యాదానాన్ని గురించి మీకు నాలుగు మాటలు మనవి చేయదలచాను. బడి ఒక్కటే బిడ్డకు చదువు చెప్పగలదా? ఊరు తోడు నిలిస్తేనే చదువు నిలుస్తుందని నా విశ్వాసం.

తైత్తిరీయోపనిషత్తులోని శీక్షావల్లిలో ఒక ఆచార్యుని ప్రార్థన ఉన్నది. ఆయన వస్త్రాలు, గోవులు, అన్నపానాలు కలగాలని ముందుగా కోరుతాడు. ఆ పిమ్మటనే విద్యార్థులు తన వద్దకు రావాలని కోరుతాడు. ఈ క్రమంలో గొప్ప లోకజ్ఞానం ఉన్నది. అన్నవస్త్రాల ఏర్పాటు లేనిదే విద్య సాగదు. ఆ ఏర్పాటు గురువు ఒక్కరివల్ల అయ్యేది కాదు.

మన తెలుగునాట ఆ భారాన్ని కొంతవరకు వారాల పద్ధతి మోసింది. చదువుకోసం పొరుగూరు వచ్చిన పేద విద్యార్థి ఏడు రోజులకు ఏడు ఇళ్ళు కుదుర్చుకొనేవాడు. నేనూ సంస్కృత పాఠశాలలో వారాలు చేసుకొని చదివినవాడనే. ఆ ఇళ్ళలో పెట్టిన అన్నంతోపాటు అడిగిన ప్రశ్నలు కూడా నాకు మేలు చేశాయి. విస్తరి ముందు కూర్చోగానే ఇంటి ఇల్లాలు "ఈవేళ పాఠం ఎంతవరకు వచ్చింది నాయనా?" అని అడిగేది. ఒక పూట భోజనానికి వెళ్ళకపోతే, "పిల్లవాడు రాలేదు, ఒంట్లో బాగున్నదా?" అని సాయంత్రానికల్లా పాఠశాలకు కబురు వచ్చేది. ఏడు ఇళ్ళవారు కనిపెట్టి ఉండగా చదువు మానుకోవడం అంత సులువు కాదు.

అయితే ఆ పద్ధతికి హద్దులున్నాయి. అది ప్రధానంగా కొన్ని కులాల మగపిల్లలకే అందింది. నేటి బడి అందరిదీ. కనుక మనం తిరిగి తెచ్చుకోవలసినది ఆ పద్ధతిని కాదు, అందులోని ఆ విచారణను.

నేడు ప్రభుత్వ పాఠశాలల్లో మధ్యాహ్న భోజనం ఉన్నది. లంకల గన్నవరంలో ఆకలితో వచ్చినవారికి లేదనక అన్నం పెట్టిన డొక్కా సీతమ్మగారి పేరుమీద 2024 నుండి ఆంధ్రప్రదేశ్‌లో ఆ పథకం నడుస్తున్నది. గదులు కట్టించే దాతలూ ఉన్నారు. కాని మూడు రోజులుగా బడికి రాని పిల్ల ఏమైనదని అడిగేవారు ఎవరు? పాలమూరు, అనంతపురం వంటి కరవుసీమలలో తల్లిదండ్రులు పనులకై వలసపోతే, బిడ్డ కూడా వెంట వెళ్ళి చదువుకు దూరమవుతుంది. ఆ బిడ్డను ఊరిలోనే ఉంచుకొనే అవ్వకు ఇరుగుపొరుగు అండగా నిలిస్తే ఆ చదువు ఆగదు.

దీనికి చట్టమూ దారి చూపింది. 2009 నాటి విద్యాహక్కు చట్టం పాఠశాల యాజమాన్య కమిటీని ఏర్పరచింది. సభ్యులలో నాలుగింట మూడు వంతులమంది తల్లిదండ్రులో సంరక్షకులో కావాలి, సగంమంది స్త్రీలు కావాలి. బడి పనితీరును గమనించడం, అభివృద్ధి ప్రణాళికను తయారుచేయడం, నిధుల వినియోగాన్ని పరిశీలించడం వారి బాధ్యత. సంతకాలతో సరిపెట్టుకొంటే ఆ అధికారం కాగితంమీదనే మిగిలిపోతుంది.

దాతలకు ఒక విన్నపం. దేశకాలపాత్రాలు ఎరిగి, ప్రతిఫలం కోరక చేసే దానమే సాత్త్వికమని గీత పదిహేడవ అధ్యాయం బోధిస్తున్నది. శిలాఫలకం చెక్కించే ముందు ఆ కమిటీలోని తల్లులతో ఒక పూట కూర్చోండి. వారు కొత్త గది అడగకపోవచ్చు. మరుగుదొడ్డికి నీళ్ళు అడగవచ్చు, దూరపు పల్లెనుండి వచ్చే ఆడపిల్లలకు ఆటో కిరాయి అడగవచ్చు. అడిగింది ఇవ్వడమే పాత్రమెరిగిన దానం.

ధనం లేనివారికీ ఇందులో పాలు ఉన్నది. సాయంత్రం గుడి అరుగుమీద ఒక గంట కూర్చొని, పిల్లలచేత తెలుగు వాచకం చదివించి వినండి. అక్షరం రాని తల్లి సైతం "ఈవేళ ఏమి చెప్పారమ్మా?" అని అడగగలదు. ఆ ప్రశ్నకు జవాబు చెప్పాలనే బిడ్డ బడిలో శ్రద్ధగా వింటుంది.

యాత్ర ముగించుకొని మీ ఊరు చేరిన తరువాత ఒకసారి అక్కడి బడికి వెళ్ళండి. హాజరుపట్టీలో ఏ బిడ్డ వరుసగా రావడం లేదో ఉపాధ్యాయుణ్ణి అడిగి, ఆయనను వెంటబెట్టుకొని ఆ ఇంటికి వెళ్ళండి. నిందించడానికి కాదు, ఏమి కావాలో అడగడానికి.

స్వస్తి.