గ్రహణమునాడు పుట్టిన గుఱ్ఱము



ఖమ్మము దాటి భద్రాచలపు అడవులు మొదలగుచోట మాయూరు. నేను బడిపంతులుగా నున్నప్పుడు ఒక రైతు వచ్చి, "పంతులుగారూ, గ్రహణవేళ మా ఆవు ఈనినది. కోడెదూడను ఉంచుకొందునా?" అని యడిగెను. "అమ్మివేయుము" అంటిని. అతడు అయినకాడికి అమ్మెను. నాలుగేండ్లకు ఆ కోడెయే పొరుగూర మేటి యెద్దయ్యెను.

ఇంగ్లాండున 1764 ఏప్రిల్ 1వ తేదీన సూర్యగ్రహణవేళ ఒక గుఱ్ఱపుపిల్ల పుట్టెను. యజమానియైన కంబర్లండు ప్రభువు దానికి ఎక్లిప్సు, అనగా గ్రహణమనియే, పేరిడెను. మరుసటియేట ఆయన మరణింపగా, వైల్డుమను అను పశువుల వర్తకుడు దానిని 75 గినీలకు కొనెను. అది మిక్కిలి పెంకిది. అయినను విడువక సాకి, అయిదవయేట, 1769 మే నెలలో, ఎప్సమున తొలిపందెమునకు దింపిరి. మరుసటియేటివఱకు 18 పందెములు పరుగిడి పదునెనిమిదియు గెలిచెను. ఎదురు నిలుపుటకు గుఱ్ఱము దొరకక పందెములు మాన్పిరి. 1789లో అది మరణించెను.

నేటి మేలుజాతి పందెపుగుఱ్ఱములలో నూటికి తొంబదికి పైగా పితృవంశమున దాని సంతతియే. 1886లో మహబూబ్ అలీ ఖాన్ నిజాము కాలమున మౌలాలినుండి మార్చబడిన హైదరాబాదు మలక్‌పేట మైదానమున నేడు పరుగిడువానిలోను పెక్కింట ఆ రక్తమే యున్నది.

పంచాంగముపై నాకు గౌరవము కలదు. అది పుట్టిన గడియను చెప్పును, కాలిసత్తువను చెప్పదు. పిమ్మట ఆ రైతునొద్దకు పోయి నా తప్పు ఒప్పుకొంటిని. "పోనిండు, పంతులుగారూ" అని నవ్వెను. ఆ నవ్వు నన్నింకను గుచ్చుచున్నది.

పెద్దలారా, మిమ్మునెవరైన నిట్లడిగినచో, ముందు మేతను, పెంపకమును గూర్చి చెప్పుడు.