నున్సియో యనగా నెవరు?



మన గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు సీమలలో పెద్దలు పొరుగూరికి మనిషిని పంపినచో, వాని నోటి మాట పంపినవారి మాటయే యగును. భారతములో సంజయుడు ధృతరాష్ట్రుని మాటను, శ్రీకృష్ణుడు పాండవుల మాటను మోసికొని పోయిరి. రోమునందలి పోపుగారు దేశదేశములకు పంపు రాయబారియు నిట్టివాడే. ఆయనకు నున్సియో యని పేరు. లాటిను భాషలో నుంతియుస్ అనగా వార్తాహరుడు.

పూర్వమును పోపులు దూతలను పంపుచుండిరి గాని, పని ముగియగానే వారు మరలివచ్చెడివారు. ఒకచోట నిలుకడగా నుండు నున్సియో 1500లో వెనిసు నగరమున నేర్పడెను. సాధారణముగా నాయన అగ్రపీఠాధిపతి హోదా గలవాడు.

ఇందొక వింత కలదు. 1870లో పోపుగారి రాజ్యము ఇటలీలో కలిసిపోయెను. 1929లో వాటికను నగరము ఏర్పడు వరకు వారికి రాజ్యమే లేదు. అయినను నున్సియోలు ఆగలేదు. మన సంస్థానముల సంగతి వేరు. 1948 తరువాత వాని పాలన ముగియగా అధికారమును ముగిసెను. నున్సియోను పంపునది భూమి కాదు, పీఠము. కావుననే భూమి పోయినను దూత నిలిచెను.

మన దేశమునకు మొదట వచ్చినవాడు అపోస్తొలిక ప్రతినిధి. ఆయనకు సంఘపు పనియే గాని ప్రభుత్వముతో రాయబారము లేదు. స్వాతంత్ర్యము వచ్చిన పిమ్మట, 1948 జూనులో, ఆ స్థానము ఇంటర్‌నున్సియో పదవిగా మారెను. ఇది రెండవ తరగతి రాయబారము. 1967లో పూర్తి నున్సియో స్థానమైనది. 1961 వియన్నా ఒప్పందము నున్సియోను రాయబారులతో సమముగా మొదటి తరగతిలో నిలిపినది.

నున్సియోకు రెండు పనులు కలవు: ప్రభుత్వముతో మాటలాడుట, సంఘపు స్థితిని రోమునకు తెలుపుట. పీఠాధిపతి స్థానము ఖాళీయైనప్పుడు ఆయన గోప్యముగా విచారించి, సాధారణముగా మూడు పేర్లను తన అభిప్రాయముతో పంపును. నిర్ణయము పోపుగారిది. హైదరాబాదు అగ్రపీఠాధిపతి పూల ఆంథోనిగారు 2022లో కార్డినలైరి. దళితులలో నా పదవి పొందినవారిలో ఆయనయే ప్రథములు.

పెద్దలారా, దూత గౌరవము అతని దుస్తులలో లేదు. విన్న మాటను విన్నట్లే చెప్పుటలో కలదు. ఊరి పంచాయతి మొదలు వాటికను వరకు ఈ నియమమొక్కటే.