నీరు తీసిన మరునాడు

1977 నవంబరు 19వ తేదీన దివిసీమను ముంచిన ఉప్పెనను కృష్ణాతీరము నేటికిని మరువలేదు. పదివేలకు పైగా జనులు అసువులు బాసిరి. ఆ రాత్రి నష్టమును మనము ప్రాణములతో లెక్కింతుము. అయితే నీరు తీసిన మరునాటి నుండి మొదలగు నష్టమును గూర్చి మేమిప్పుడు మనవి చేయదలచితిమి.

ఉప్పెన మంచినీటి చెరువులను, బావులను ఉప్పుపాలు చేయును. పశువుల కళేబరములు వానిలో కుళ్లును. ఆ నీటిని మరగకాచినచో రోగక్రిములు చచ్చును గాని ఉప్పు పోదు, కాగినకొలది చిక్కబడును. కనుక త్రాగునీరు వెలుపలి నుండి రావలసినదే. వరిచేలదియు ఇదే గతి. మంచినీరు పెట్టి, తీసి, మరల పెట్టి నేలలోని ఉప్పును కడుగవలెను. అందాక రైతునకు పంట లేదు, కూలివానికి పని లేదు. అట్టి ఇంట విరేచనములు పట్టుకొన్నచో మందులకు అప్పే గతి. అప్పు తిండిని తగ్గించును; తిండి తగ్గిన ఒంటిని రోగము త్వరగా పట్టును.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్టణమును తాకినది. ముందుగా హెచ్చరికలు అందుటచే రాష్ట్రమున మృతుల సంఖ్య వందకు లోపుననే నిలిచినది. ఆస్తినష్టము మాత్రము ప్రభుత్వపు అంచనాలో 20 వేల కోట్ల రూపాయలు దాటినది. నగరమున దినముల తరబడి విద్యుత్తు లేదు. విద్యుత్తు లేక కుళాయిలలో నీరును రాలేదు.

హెచ్చరిక ప్రాణమును దక్కించును. దక్కిన ప్రాణము నిలుచుటకు మరునాడు బిందెడు మంచినీరు, మరుసటి కారునకు విత్తనములు కావలెను. తీరగ్రామములు వీనిని తుపాను రాకమునుపే సిద్ధపరచుకొనవలెనని మా మనవి.