అధ్యక్షోపన్యాసం: నడిచే మనిషికి లెక్కలో చోటు



ఇంటెలిజెంట్ రవాణా రంగంలో ఉత్తమ పరిశోధనకు పురస్కారం ఈ సాయంత్రం ప్రకటిస్తున్నాం. గెలిచేవారికి ముందుగానే నా అభినందనలు. ఆ పురస్కారం ఇకమీదట ఎలాంటి పనికి దక్కాలో చెప్పడానికే ఈ సమయం వాడుకుంటాను.

2004లో మొహావీ ఎడారిలో అమెరికా రక్షణ పరిశోధన సంస్థ దార్పా డ్రైవర్ లేని బండ్లకు పెట్టిన పోటీలో ఒక్క బండి కూడా గమ్యం చేరలేదు. అందరికంటే ముందు వెళ్ళినది 12 కిలోమీటర్లయినా పోలేకపోయింది. మరుసటి ఏడు స్టాన్‌ఫర్డ్ వారి స్టాన్లీ గెలిచింది. 2007 నగర పోటీలో కార్నెగీ మెలన్ వారి బాస్ నెగ్గింది. ఈ కథ మీకు కంఠస్థమే. అయితే ఆ మూడు పోటీల్లోనూ రోడ్డు మీద నడిచే మనిషి లేడు. మన రంగం పుట్టుకలోనే ఉన్న ఆ లోటును మనం ఇంతవరకు సీరియస్‌గా తీసుకోలేదు.

దాని ఫలితం 2018 మార్చి 18 రాత్రి అరిజోనాలోని టెంపేలో చూశాం. సైకిల్ నడిపించుకుంటూ రోడ్డు దాటుతున్న ఒక మహిళను ఉబర్ వారి తనంతట తానే నడిచే పరీక్ష వాహనం ఢీకొని చంపింది. ఆమెను 5.6 సెకన్ల ముందే రాడార్ పసిగట్టింది. వ్యవస్థ మాత్రం ఆమెను ఒకసారి వాహనమనీ, మరోసారి వేరే వస్తువనీ, ఇంకోసారి సైకిలనీ అనుకుంటూ పోయింది. జీబ్రా గీతలు లేనిచోట మనిషి దాటవచ్చన్న ఊహే దాని రూపకల్పనలో లేదని అమెరికా రవాణా భద్రతా బోర్డు తేల్చింది. హైదరాబాదులో, విజయవాడలో జనం దాటేది ఎక్కువగా గీతలు లేనిచోటే. ఆ ఊహ లేని బండికి మన వీధిలో చోటు లేదు.

నడిచే మనిషికి మన లెక్కలో చోటెక్కడ అన్నదే నేను జీవితమంతా పట్టుకు వేలాడిన ప్రశ్న. మా విద్యార్థి రోజుల్లో చౌరస్తాలో నిలబడి కాగితం మీద గీతలు గీస్తూ బండ్లు లెక్కించేవాళ్ళం. కారుకు ఒక గడి, బస్సుకు ఒకటి, లారీకి, స్కూటరుకు, సైకిలుకు, చివరికి ఎద్దుబండికి కూడా ఒకటి ఉండేది. నడిచేవాడికి మాత్రం లేదు. గడి లేనివాడు, అన్ని బండ్లనూ కార్ల లెక్కలోకి మార్చే పి.సి.యు.లోకి రాడు. అందులో లేనివాడికి సిగ్నల్ సమయం దక్కదు. సిగ్నల్ సమయాలకు 1958లో వెబ్‌స్టర్ ఇచ్చిన సూత్రం తగ్గించేది వాహనాల ఆలస్యాన్ని. దాటడానికి నిలబడినవారి ఆలస్యం అందులో ఎక్కడా లేదు. ఇవాళ కృత్రిమ మేధతో నడిచే సిగ్నళ్ళని మనం మెచ్చుకునేవాటిలో చాలావరకు అదే లక్ష్యాన్ని ఇంకా వేగంగా సాధిస్తున్నాయి, అంతే.

నడక వేగం సెకనుకు 1.2 మీటర్లని అందరం రాస్తాం. ఆ లెక్కన 24 మీటర్ల రోడ్డు దాటడానికి 20 సెకన్లు చాలు. మోకాళ్ళ నొప్పులతో సెకనుకు 0.8 మీటర్లు నడిచే ముసలమ్మకు 30 సెకన్లు కావాలి. ఆ పది సెకన్లు ఎవరిస్తారని నేను ఒక కమిటీలో అడిగితే, అది సామాజిక శాస్త్రం, ఇంజనీరింగ్ కాదని పక్కన పెట్టేశారు. ఆ మాట అప్పుడూ తప్పే, ఇప్పుడూ తప్పే.

మనలో ఒక బలమైన వర్గం ఉంది. ముందు జనానికి లేన్ క్రమశిక్షణ నేర్పండి, తరవాత టెక్నాలజీ తెస్తామంటారు వారు. 2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. వారిలో 44.5 శాతం టూవీలర్ల మీద వెళ్ళేవారు, 19.5 శాతం పాదచారులు. జనం మారేదాకా ఆగుదామంటే ఈ చావులను ఒప్పుకున్నట్టే. మనుషులు పొరపాట్లు చేస్తారు, ప్రాణం పోకుండా చూసే బాధ్యత వ్యవస్థను రూపొందించినవారిది కూడా అని స్వీడన్ పార్లమెంటు 1997లోనే ఒప్పుకుంది. మన ప్రొఫెసర్లు ఎందుకు ఒప్పుకోరు?

మరికొందరు, ముందున్న బండి వెనక బండి ఎలా నడుస్తుందో చెప్పే 1974 నాటి వీడెమన్ నమూనాను సాఫ్ట్‌వేర్‌లో ఉన్న విలువలతోనే నడిపించి, మన చౌరస్తాలకు ఫలితాలు ప్రకటిస్తారు. లేన్ పట్టి వెళ్ళే జర్మన్ కారు కోసం కట్టిన నమూనా అది. మన బైకు రెండు బస్సుల మధ్య సందులోంచి వెళ్తుంది. ఎండలో నిలబడి కొలవకుండా రాసిన పేపరును కొత్త ఆవిష్కరణగా నేను అంగీకరించను.

కొలిచినవారు మనలోనే ఉన్నారు. హైదరాబాద్ ట్రిపుల్ ఐటీ, ఇంటెల్‌తో కలిసి ఇండియా డ్రైవింగ్ డేటాసెట్ తయారుచేసింది. హైదరాబాద్, బెంగళూరు, వాటి శివార్లలో 182 ప్రయాణాల్లో తీసిన 10,000 చిత్రాలకు 34 రకాల గుర్తులు పెట్టారు. ఆటోకు వేరే గుర్తు ఇచ్చారు. రోడ్డు పక్కన తప్పనిసరైతే బండి దింపుకోగల మట్టి అంచుకూ ఇచ్చారు. విదేశీ చిత్రాల మీద బాగా పనిచేసిన పద్ధతులు వీటి దగ్గర తడబడ్డాయి. ఒక్కో చిత్రంలో ఒక్కో ఆకారం చుట్టూ గీత గీసిన యువతీయువకులకు ఏ సభలోనూ శాలువా కప్పలేదు.

ఢిల్లీ ఐ.ఐ.టి.లో దినేశ్ మోహన్ గారు 2021లో చనిపోయేదాకా హెల్మెట్ల మీద, నడిచేవారి, సైకిలు తొక్కేవారి భద్రత మీద పనిచేశారు. ఆయన వేసిన ప్రశ్నలు మన ఆటోమేషన్ పేపర్లలో నాకు అరుదుగా కనిపిస్తాయి. డ్రైవర్ లేని బండ్ల కోసం కందిలో హైదరాబాద్ ఐ.ఐ.టి. వారి తిహాన్ పరీక్షా క్షేత్రం 2022లో మొదలైంది. ఎంతో సంతోషం. అక్కడి దారుల్లో బొమ్మ మనుషులతో పాటు అమీర్‌పేట జనం నడిచే తీరు కూడా పరీక్షకు రావాలి.

అందుకే ఈ సభ ముందు ఒక ప్రతిపాదన పెడుతున్నాను. వచ్చే ఏడాది నుంచి పురస్కారానికి వచ్చే ప్రతి పరిశోధనా మూడు సంగతులు చెప్పాలి: ఏ రోడ్డు మీద కొలిచారో, నడిచేవారి ఆలస్యం ఎంత తగ్గిందో, ఎక్కడ విఫలమైందో. విఫలమైన చోటు దాచిన పేపరును పోటీకి తీసుకోవద్దు. డేటా సేకరణకు విడిగా ఒక పురస్కారం పెట్టాలి, గుర్తులు పెట్టినవారి పేర్లు అందులో చదవాలి. కార్యవర్గం ఈ ప్రతిపాదనను రేపటి సర్వసభ్య సమావేశం ముందు పెట్టాలని, మీరంతా దాన్ని బలపరచాలని కోరుతున్నాను.