మూసిన తలుపుల వెనుక స్తుతి



2020 మార్చి 25న దేశమంతటా లాక్‌డౌన్ మొదలైంది. ఏప్రిల్ 12న ఈస్టరు ఆరాధనకు మన మందిరములు తెరుచుకోలేదు. ఇంటిలోనే చాప పరచి కుటుంబముగా ప్రార్థించాము. అకుల, ప్రిస్కిల్లల ఇంటిలో కూడుకొన్న సంఘము జ్ఞాపకమొచ్చింది. పౌలు బంధకములలో నుండియే ఫిలిప్పీయులకు వ్రాస్తూ దేవునికి కృతజ్ఞతలు చెల్లించాడు కదా!

అయితే ఆ దినములలోనే వలస కూలీలు బిడ్డలను ఎత్తుకొని వందల మైళ్లు కాలినడకన వెళ్లారు. వారికంటె మనము మంచివారమని దేవుడు మనకు నీడనివ్వలేదు. కాబట్టి "మేము క్షేమము" అనుటతో మన స్తుతి ముగియకూడదు.

ఈ రాత్రి కుటుంబ ప్రార్థనలో పిల్లలను అడగండి: అప్పుడు మన గుమ్మానికి పాలు, మందులు తెచ్చినదెవరు? వారిని పేరుపేరునా ప్రార్థించండి. రేపు వెళ్లి పలకరించండి.

దేవుడు మిమ్మును దీవించును గాక. ఆమేన్.