కంప్యూటరు, మన అక్షరము
(పాఠశాల వార్షికోత్సవ సభయందు ప్రధానోపాధ్యాయులు చేసిన ఉపన్యాసము)



మన పాఠశాలకు కంప్యూటర్లు సమకూర్పవలెనని సంఘమువారు తలపెట్టినది మొదలు అరసికెరెలో రెండు పక్షములు బయలుదేరినవి. క్రొత్త యంత్రములు, క్రొత్త విండోసు కావలెనని ఒక పక్షము. పాత యంత్రములకు ఎస్.ఎస్.డి. అమర్చి, ఉచితముగా లభించు లైనక్సు ఎక్కించిన చాలునని రెండవ పక్షము. ఇది మన యూరి వాదము మాత్రమే కాదు. కంప్యూటరు ప్రియులు ఇరువురు కలిసిన చోటనెల్ల ఈ చర్చ కలదు.

ఉభయుల మాటయందును సత్యము గలదు. 2025 అక్టోబరు 14తో మైక్రోసాఫ్టు సంస్థ విండోసు 10నకు సాధారణ మద్దతును నిలిపివేసినది. విండోసు 11 కోరు టి.పి.ఎం. 2.0 అను భద్రతా సాధనము లేని యంత్రములు, చక్కగా పనిచేయుచుండియు మూలబడుచున్నవి. 1991లో ఫిన్లాండు విద్యార్థి లైనస్ టోర్వాల్డ్సు ప్రారంభించిన లైనక్సు అట్టివానిని మరల వాడుకలోనికి తేగలదు. అయితే, మన బాలురు రేపు పనికి పోవు కార్యాలయములందు విండోసే ఉండవచ్చుననుటయు త్రోసిపుచ్చరాని మాట.

కాని ఇరుపక్షములును అడుగని ప్రశ్న యొకటి గలదు. ఆ యంత్రముపై మన బిడ్డలు తెలుగు వ్రాయగలరా? వ్రాసినది పదియేండ్ల తరువాత మరియొకరు చదువగలరా?

పూర్వపు డి.టి.పి. ఫాంటులు ఇంగ్లీషు అక్షరముల స్థానములందే తెలుగు రూపములను కూర్చినవి. ఆ ఫాంటు లేని యంత్రమున అదే పుట అర్థములేని ఇంగ్లీషు గుర్తులుగా కనబడును. యంత్రము ఎంత వేగవంతమైనను ఈ లోపము తీరదు. 1991లో వెలువడిన యూనికోడు ప్రతి అక్షరమునకు ఒక స్థిరమైన సంఖ్య నిచ్చినది. అందు తెలుగునకు 128 స్థానములు, ఆ వెంటనే కన్నడమునకు 128 స్థానములు. తెలుగు ‘క’ సంఖ్య 3093. కన్నడ ‘క’ సంఖ్య 3221. భేదము సరిగా 128. మూడు వైపుల ఆంధ్రసీమ చుట్టుకొన్న పావగడ తాలూకాలో వలెనే, అచ్చటను ఈ రెండు భాషలు ఇరుగుపొరుగు ఇండ్లవారే!

ఇన్‌స్క్రిప్టు అను మీటల అమరికయందు తెలుగు ‘క’కును కన్నడ ‘క’కును మీట యొక్కటే. ఒక భాషలో వ్రేళ్లు అలవడినచో రెండవది దాదాపు అలవడినట్లే. రెండు భాషలు నేర్వవలసిన మన పిల్లలకు ఇంతకంటె మేలేమి? ఈ అమరిక విండోసునందును, లైనక్సునందును వేరు మూల్యము లేకయే లభించును. అయినను నేడు మన పిల్లలు ఫోనులలో తెలుగు మాటలను ఇంగ్లీషు లిపిలో వ్రాయుచున్నారు. ఇట్లే సాగినచో తెలుగు ఇంట పలుకుబడిగా మిగులును గాని వ్రాతగా మిగులదు.

కావున సంఘమువారికి మా మనవి మూడు మాటలు. కొనుటకు ముందు ఆ యంత్రముపై ఒక తెలుగు పుట, ఒక కన్నడ పుట యూనికోడులో వ్రాయించి, వేరొక యంత్రమున తెరచి చూడుడు. దానికి భద్రతా సవరణలు ఎన్నేండ్లు వచ్చునో విచారింపుడు. చెడినచో బాగుచేయువారు సమీపమున కలరో లేరో తెలిసికొనుడు. ఈ పరీక్షలో నెగ్గినది క్రొత్తదైనను, పాతదైనను మాకు సమ్మతమే.

విద్యార్థులారా! యంత్రములు వచ్చిన దినమున మీరు మొట్టమొదట వ్రాయవలసినది మీ పేరు, మీ ఊరి పేరు. తెలుగునను వ్రాయుడు, కన్నడమునను వ్రాయుడు.