ఒక్క రాత్రి బస



వేసవి సెలవులు వచ్చాయంటే నంద్యాలలో గాని, ఆళ్లగడ్డలో గాని మన సంఘ యౌవనస్థులు అడిగే మాట ఒకటుంది. "అయ్యగారూ, ఈసారి క్యాంపు అడవిలో పెట్టుకుందామా?" మంచి కోరికే. తూర్పు దిక్కున నల్లమల గోడ కట్టినట్టు నిలిచి ఉంది. గాజులపల్లె దాటితే గిద్దలూరు దారి అడవిలోకి వెళ్తుంది. ఆళ్లగడ్డ నుండి అహోబిలం వైపు వెళ్లినా అదే అడవి. ఇంత అందాన్ని గుమ్మం ముందు పెట్టుకుని చూడకుండా ఎలా ఉంటాం? అయితే బయలుదేరేముందు ఒక ప్రశ్న వేసుకుందాం. మనది కాని చోట ఒక్క రాత్రి బస చేసే మనిషి ఎలా నడుచుకోవాలి?

మన ఊళ్ల నుండి అమెరికా వెళ్లిన బిడ్డలు కొందరు సెలవుల్లో ఆర్‌వి అనే బండిని అద్దెకు తీసుకుంటారు. అది చక్రాల మీద నడిచే ఇల్లు. మంచాలు, పొయ్యి, స్నానాల గది అన్నీ అందులోనే. నేషనల్ పార్కుల్లో ఆ బండ్లకు కేటాయించిన చోట నిలుపుకుని రాత్రి గడుపుతారు. చూడటానికి ఎంతో స్వేచ్ఛ. కాని ఆ స్వేచ్ఛకు హద్దులున్నాయి. బండిలోని మురుగునీరు నేల మీద వదలకూడదు. అది బండి అడుగున తొట్టెలో నిలువ ఉంటుంది, దానికోసం కట్టిన చోటనే ఖాళీ చేయాలి. 1872లో ఏర్పడిన ఎల్లోస్టోన్ పార్కులో ఎలుగుబంట్లకు, తోడేళ్లకు 100 గజాల దూరంలో ఉండాలి. మిగిలిన జంతువుల్లో చాలావాటికి 25 గజాలు. తినే పదార్థం ఏదీ ఆరుబయట వదిలిపెట్టకూడదు. ఎందుకని? మనిషి తిండి రుచి మరిగిన ఎలుగుబంటి మనుషుల దగ్గరకే వస్తుంది. చివరకు దాన్నే చంపవలసి వస్తుంది. నిర్లక్ష్యం మనిషిది, ప్రాణం పోయేది దానిది.

ఇది అమెరికావాళ్ల శుభ్రత అనుకుంటున్నారా? మీ బైబిలు తీసి ద్వితీయోపదేశకాండము 23వ అధ్యాయం చదవండి. అరణ్యంలో గుడారాలు వేసుకున్న ప్రజలకు ఇచ్చిన ఆజ్ఞ అక్కడ ఉంది. కాలకృత్యాలకు పాళెము వెలుపలికి వెళ్లాలి. తవ్వే పనిముట్టు ఒకటి వెంట ఉండాలి. గుంట తవ్వాలి, తరువాత పూడ్చాలి. ఎంత చిన్న సంగతి! అయినా దేవుడు పాళెములో సంచరిస్తాడు గనుక అది పరిశుద్ధంగా ఉండాలని కారణం కూడా అక్కడే చెప్పబడింది. ఆరాధనను గూర్చి చెప్పిన గ్రంథమే పారను గూర్చి కూడా చెప్పింది. ఈ రెండూ వేరు కాదు సుమా!

ఇక మన నల్లమల సంగతి చూద్దాం. నాగార్జునసాగర్–శ్రీశైలం పులుల అభయారణ్యం 1983లో ప్రాజెక్ట్ టైగర్ కిందికి వచ్చింది. అది పులి ఇల్లు. ఆ ఇంట్లో మనం ఇష్టం వచ్చినచోట గుడారం వేయలేము. నంద్యాల–గిద్దలూరు దారిలో పచ్చర్ల వద్ద, ఆత్మకూరు దగ్గర బైర్లూటి వద్ద అటవీశాఖవారు జంగిల్ క్యాంపులు ఏర్పాటు చేశారు. అనుమతి తీసుకుని అక్కడ ఉండవచ్చు. దారి ప్రక్కన బండి ఆపి, మూడు రాళ్లు పెట్టి అన్నం వండుకోవడం మాత్రం తగదు.

ఎందుకంటే వేసవిలో నల్లమల ఎండిన గడ్డితో, రాలిన ఆకులతో నిండి ఉంటుంది. ఒక్క నిప్పురవ్వ చాలు. అడవి మంటల్లో చాలా మట్టుకు మనుషుల చేతుల మీదుగా మొదలయ్యేవే. అభయారణ్యానికి ప్రమాదం కలిగేలా నిప్పు రాజేయడం, మండుతున్న నిప్పును వదిలి వెళ్లడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. చట్టం మాట అటుంచండి. పక్షి గూడు తగలబడితే అది ఎవరితో మొరపెట్టుకుంటుంది? మనం కోతులకు విసిరే అరటిపండు కూడా దయ కాదు. అది వాటిని రోడ్డు మీదికి, లారీ చక్రాల కిందికి పిలుస్తుంది.

ఆ అడవిలో మనుషులూ ఉన్నారు. చెంచువారికి అది విహారస్థలం కాదు, పుట్టిల్లు. తేనె, దుంపలు, ఇప్పపువ్వు వారి బ్రతుకు. జంగిల్ క్యాంపుల్లో పనిచేసేవారిలో, అడవి కాపలా కాసేవారిలో చెంచువారున్నారు. వారి గూడెం దగ్గర అడగకుండా ఫోటోలు తీయకండి. "అన్నా, ఈ దారిన పోవచ్చునా?" అని అడగండి. అడవి గురించి వారే మనకు పెద్దలు, మనం పసిపిల్లలం.

చివరిగా, మీరందరూ చూసిన ఒక క్యాంపును జ్ఞాపకం చేస్తాను. పంట కోతలైన తరువాత మన పొలాల్లోకి గొర్రెల కాపరులు వస్తారు. రైతు పిలిచి మంద కట్టించుకుంటాడు. చుట్టూ వల, కాపలా కుక్క, భుజాన గొంగళి, నెత్తిన నక్షత్రాలు. తెల్లవారి మంద కదిలిపోతుంది. ఆ నేలలో ఏం మిగిలింది? ఎరువు. అందుకే రైతు ధాన్యమో డబ్బో ఇచ్చి మరీ ఆ మందను పిలుచుకుంటాడు. మళ్లీ ఏడాది కూడా రమ్మంటాడు. బస చేసిన చోటికి మేలు చేసి వెళ్లినవాడిని ఎవరు వద్దంటారు?

యౌవనస్థులారా, మీరు అడవికి వెళ్లండి. పిల్లలకు నక్షత్రాలు చూపించండి. ముందుగా అనుమతి తీసుకోండి, ఏ నెలల్లో మూసి ఉంచుతారో అడిగి తెలుసుకోండి. పాటల కోసం మైకు తీసుకుపోకండి. రాత్రి అడవి చేసే శబ్దం వినండి. ఒక ఖాళీ గోనెసంచి తీసుకుపోయి, మీ చెత్తతో పాటు ముందువాళ్లు వదిలినదాన్ని కూడా ఏరుకుని తీసుకురండి. బండి ఎక్కేముందు ఒక్కసారి వెనక్కు తిరిగి, మీరు పడుకున్న చోటు చూడండి. మీరు ఎటువంటివారో ఆ నేలే చెబుతుంది.

ఆ నేల మిమ్మల్ని గూర్చి మంచి సాక్ష్యం పలుకును గాక. సెలవు.